యిర్మీయా కొట్టిన వెండిగిన్నె

రియాద్ దక్షిణపు కొసన కార్ల షెడ్లన్నీ ఒక్కచోట పోగుపడిన పేట ఒకటుంది. దాని అరబ్బీ పేరు నోరు తిరగక మనవాళ్ళు "సనయ్య" అని ఊరుకుంటారు. ఆ సనయ్యలో అబూ రాకాన్ షెడ్డు ముందు నిలబడి డెంటర్ యిర్మీయా ఎక్కడని అడిగితే, మాట పూర్తికాకుండానే ఎవరో ఒకరు లోపలికి వేలు చూపిస్తారు. సొట్టపడిన డోరుని పుట్టీ పెట్టకుండా, ఉత్త సుత్తితో అద్దంలా చదును చెయ్యగల మనిషి ఆ వీధి మొత్తానికి ఆయనొక్కడే.

యిర్మీయాకి యాభై ఏడేళ్ళు. గోదావరి పక్కన ఇత్తడి సామానుకి పేరుపడ్డ అజ్జరం ఆయన ఊరు. పన్నెండో ఏట కాంతాచారి గారి కార్ఖానాలో చేరి, మొదటి రెండేళ్ళూ కొలిమి ఊదడంతోనూ బిందెలు చింతపండుతో తోమడంతోనూ గడిపాడు. మూడో ఏట సుత్తి చేతికొచ్చింది. ఇరవై నిండేసరికి చదునైన ఇత్తడి రేకుని దాగలి దిమ్మ మీద తిప్పుతూ కొట్టి, ఎక్కడా అతుకు లేకుండా గుండిగ కడుపు తీసేవాడు. ఆ తరవాత ఇళ్ళల్లోకి స్టీలు వచ్చింది, ప్లాస్టిక్ వచ్చింది, కార్ఖానా కొలిమి వారానికి రెండు రోజులే వెలగసాగింది. పెళ్ళయిన రెండో ఏడు వీసా పట్టుకుని సౌదీలోని హఫర్ అల్ బాతిన్‌లో దిగాడు. అక్కడ పదేళ్ళపాటు లారీల సొట్టలు తీశాడు. అటుమీదట రియాద్.

చేతిలో సుత్తి అదే, దెబ్బా అదే. కానీ కారు డెంటింగంటే ఎవరో చేసిన ఆకారాన్ని మళ్ళీ మునుపటిలా తెచ్చిపెట్టడమే. లేని ఆకారాన్ని పుట్టించి ముప్పై ఏళ్ళు దాటిందని ఆయన ఎవరితోనూ అనలేదుగానీ, అప్పుడప్పుడు మెస్సులో అన్నం తింటూ స్టీలు కంచం అంచుని బొటనవేలితో తడుముతూ ఉండిపోయేవాడు.

కిందటేడు చలికాలం మొదట్లో ఒక మధ్యాహ్నం, పాత అమెరికన్ కారొకటి షెడ్డులోకి వచ్చింది. నడుపుతున్నది నలభై అయిదేళ్ళ సౌదీ ఆవిడ. పార్కింగులో స్తంభానికి తగిలి ముందు చక్రం మీది రేకు లోపలికి పోయింది.

"పుట్టీ పెట్టొద్దు" అంది దిగుతూనే. "మా నాన్నగారి కారు ఇది. రేకుని రేకులాగే బాగుచెయ్యాలి."

"మా యిర్మీయా ఉన్నాడు, దిగులు పడకండి" అన్నాడు షెడ్డు యజమాని అబూ రాకాన్, పనివాళ్ళంతా ముదీర్ అని పిలిచే మనిషి. యిర్మీయా వీసాకి పూచీపడ్డ కఫీల్ కూడా ఆయనే.

ఆవిడ ఎక్కడికీ వెళ్ళలేదు. ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని అక్కడే కూర్చుంది. యిర్మీయా రేకు వెనక ఇనప దిమ్మ ఆనించి, పైనుంచి చిన్న సుత్తితో సొట్ట అంచు దగ్గర మొదలుపెట్టాడు. దెబ్బ పక్కన దెబ్బ, వరస లోపల వరస. గంటన్నరకి రేకు చదునైంది. ఆవిడ లేచి వచ్చి, చెయ్యి చక్రం మీదుగా లోపలికి పోనిచ్చి రేకు వెనక వైపు తడిమింది.

"ఈ దెబ్బలు గుండ్రంగా తిరుగుతూ లోపలికి వచ్చాయి" అంది. "కార్ల పనివాళ్ళు ఇలా కొట్టరు. మీరెక్కడ నేర్చుకున్నారు?"

ముప్పై ఏళ్ళ వాడుక అరబ్బీలో ఆయన తన బిందెల సంగతి చెప్పాడు. ఆవిడ ఫోను తీసి ఒక బొమ్మ చూపించింది. లోతు తక్కువగా, వెడల్పుగా ఉన్న వెండిగిన్నె. నడిమధ్యలో విచ్చుకున్న పువ్వు, దాని చుట్టూ అంచుదాకా పాకిన పొడుగాటి ఆకులు.

"ఇలాంటిది కొట్టగలరా?"

యిర్మీయా బొమ్మని పెద్దది చేసి చాలాసేపు చూశాడు. "ఒకప్పుడైతే కొట్టేవాణ్ణి" అన్నాడు చివరికి.

ఆవిడ పేరు డాక్టర్ అమీనా. ఊళ్ళో ఒక మ్యూజియంలో పాత వస్తువులను శుభ్రం చేసి, చెడిపోకుండా కాపాడే పని ఆవిడది. రెండు వేల ఏళ్ళ కిందట ఇరాన్, ఇరాక్ ప్రాంతాలని పార్థియన్లు ఏలారనీ, వాళ్ళకంటే ముందు అక్కడ గ్రీకులు ఏలారనీ, ఇద్దరి పద్ధతులూ కలిసి అప్పటి దొరల విందులకి అపురూపమైన వెండి సామాను తయారైందనీ ఆవిడ చెప్పింది. గిన్నెలు, కప్పులు, కొమ్ము ఆకారంలో తాగే పాత్రలు. అవి పరాయి దేశపు మ్యూజియం నుంచి నాలుగు నెలల ప్రదర్శన కోసం అరువు మీద రియాద్ వచ్చాయి. ప్రదర్శన తెరిచాక జనం వాటిని అద్దాల పెట్టెల బయటినుంచే చూస్తారు.

"చూపులేనివాళ్ళ మాటేమిటని మాలో ఒకరు అడిగారు" అంది అమీనా. "వాళ్ళు ముట్టుకుని చూడటానికి నకళ్ళు కావాలి. ఒకటి చేయించాను." సంచిలోంచి ఒక గిన్నె తీసింది. అచ్చం ఫోనులో గిన్నెలాగే ఉంది. యిర్మీయా చేతిలోకి తీసుకోగానే నవ్వొచ్చింది. ఐస్‌క్రీము కప్పంత బరువు లేదు.

"మిషను పోసిన ప్లాస్టిక్" అంది ఆవిడ కూడా నవ్వుతూ. "అంధుల బడిలో చెప్పే ఉస్తాద్ దఖీల్ మాకు సలహాదారు. ఆయన దీన్ని పట్టుకుని ఏమన్నారో తెలుసా? ఇందులో చల్లదనం లేదు, బరువు లేదు, మోగదు, నాకు చూపు లేదు గానీ చేతులున్నాయి అన్నారు."

కఫీల్ ఒప్పుకోకుండా ఇంకోచోట పని చేస్తే ఇకామాకి, అంటే ఆ దేశంలో ఉండే అనుమతికే చిక్కు. మర్నాడు మ్యూజియం నుంచి ఉత్తరం వచ్చింది. అబూ రాకాన్ దాన్ని రెండుసార్లు చదివి, మీసం సవరించుకున్నాడు.

"ఒక షరతు. పని నా షెడ్డులోనే జరగాలి. నేను చూడాలి."

అలా మూలన పాత ఇంజన్లు పడేసే జాగా ఖాళీ అయింది.

మొదలుపెట్టే ముందు అసలు గిన్నెని చూడాలన్నాడు యిర్మీయా. శుక్రవారం పొద్దున్న మనవాళ్ళంతా చేరే బతా బజారులో టిఫిను తిని, మెట్రో ఎక్కి మ్యూజియానికి వెళ్ళాడు. అమీనా చేతులకి తొడుగులు వేసుకుని, మెత్తటి గుడ్డ పరిచిన బల్ల మీద గిన్నెని పెట్టింది. బల్లకి రెండడుగుల దూరంలో నిలబడమంటే, చేతులు వాటంతటవే ముందుకు వెళ్ళకుండా వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

ముందువైపు పువ్వు చూసి బాగుందనుకున్నాడు. ఆవిడ బోర్లించి వెనకవైపు చూపేసరికి ఒళ్ళు జలదరించింది. సుత్తి దెబ్బలు నడుమనుంచి గుండ్రంగా తిరుగుతూ అంచుదాకా పోయాయి. ఒక్కో దెబ్బా పక్క దెబ్బ మీద సగం ఎక్కి ఉంది. కాంతాచారి గారు జెల్ల కొట్టి మరీ నేర్పిన వరస అది.

"నాకు తెలిసిన పనే" అన్నాడు నెమ్మదిగా.

అంచు కింద సూది మొనతో పొడిచినట్టు చుక్కల వరస ఒకటి కనిపించింది. అదేమిటని అడిగాడు.

"రాత. చుక్కలతో అక్షరాలు పొడిచారు. కొన్నింటి మీద సొంతదారు పేరుంటుంది, కొన్నింటి మీద గిన్నె బరువు ఉంటుంది."

యిర్మీయాకి నవ్వు ఆగలేదు. అమీనా వింతగా చూసింది. "మా ఊళ్ళో పెళ్ళికి పెట్టే ప్రతి గిన్నె మీదా, ప్రతి చెంచా మీదా ఇలాగే చుక్కలతో పేరు కొట్టిస్తాం" అన్నాడు. "ఇరుగింటికి కూర పంపితే గిన్నె తిరిగి రావాలి కదా."

అమీనా కూడా నవ్వేసింది. "వీళ్ళ విందుల్లోనూ గిన్నెలు మారిపోయేవేమో" అంది.

ముందు రాగితో చెయ్యి తిప్పుకోవాలనుకున్నాడు. దాగలి కావాలి. సనయ్యలో ఇనప సామానుకి కరువేముంది? తుక్కు దుకాణంలో లారీ యాక్సిలు ముక్క ఒకటి ఏరి, కొస గుండ్రంగా అరగదీసి, నున్నగా మెరుగుపెట్టి, సిమెంటు నింపిన డ్రమ్ములో పాతాడు. నగిషీ పనికి అడుగున మెత్తగా పట్టి ఉంచే ముద్ద కావాలి. బతాలో మన కిరాణా కొట్టునుంచి గుగ్గిలం తెచ్చి, ఇటుక పొడి, నూనె కలిపి కాచాడు. షెడ్డంతా పూజ గదిలా గుప్పుమంది.

"ఏందన్నా, కార్లకు ధూపం ఏస్తాండావా?" అన్నాడు పీరయ్య. కడప జిల్లా మనిషి. ఆ షెడ్డులో పెయింటరు, యిర్మీయాకి పదిహేనేళ్ళుగా గది పొత్తు.

"నీ పెయింటు కంపు పోవద్దా మరి" అన్నాడు యిర్మీయా.

మొదటి రాగి గిన్నె వంకర పోయింది. రెండోది కాస్త నయం. మూడోది కొడుతుండగా ఒక సాయంత్రం చెయ్యి తన మాట వినడం మానేసి తనంతట తానే నడవసాగింది. ఎడమ చెయ్యి రేకుని కొద్దికొద్దిగా తిప్పుతోంది, కుడి చెయ్యి కొడుతోంది, కడుపు లోతు దిగుతోంది. ఎక్కడా లెక్క తప్పలేదు. పక్క షెడ్డువాళ్ళు వచ్చి చుట్టూ నిలబడ్డ సంగతి కూడా ఆయన గమనించలేదు. పని ఆపి తలెత్తేసరికి పీరయ్య టీ గ్లాసు పట్టుకుని ఉన్నాడు.

"ఇన్నేండ్లు ఒకే గదిలో ఉండాము. ఈ పని వచ్చునని ఒక్క మాట చెప్పలేదే అన్నా నువ్వు."

"నువ్వు అడగలేదుగా" అన్నాడు యిర్మీయా టీ అందుకుంటూ. ఆ సాయంత్రం ఆయన ముఖం చూసిన ఎవరికైనా ఆ మనిషి ఎంత సంతోషంగా ఉన్నాడో తెలిసిపోయేది.

ఆ వారమే అమీనా ఉస్తాద్ దఖీల్‌ని షెడ్డుకి తీసుకొచ్చింది. అరవై దాటిన మనిషి. పుట్టుకతోనే చూపు లేదు. రాగి గిన్నెని ఒళ్ళో పెట్టుకుని పది వేళ్ళతోనూ చదివాడు. గోటితో అంచుమీద మీటి, చెవి దగ్గర పెట్టుకుని మోత విన్నాడు.

"ఇప్పుడు ఇది గిన్నె" అన్నాడు. తరవాత ఆకుల మీద వేళ్ళు నడిపిస్తూ ఆగాడు. "ముఅల్లిం, ఈ ఆకులన్నీ ఒకే వెడల్పున్నాయి. అసలు దాంట్లోనూ అంతేనా?"

అందరూ ముఅల్లిం అనేది బడిలో పంతుల్నీ పనిలో ఉస్తాదునీ. తనను ఆ మాటతో పిలవడం యిర్మీయాకి కొత్తగా వినిపించింది.

అమీనా ఫోను తీసి కొలతలు చూసింది. "లేదు. ఒక ఆకు మిగతావాటికంటే వెడల్పు."

"అది తప్పండి" అన్నాడు యిర్మీయా. "ఆకులు గీసుకుంటూ వచ్చి, చివరాఖరికి జాగా మిగిలిపోతే ఆ ఒక్కదాన్నీ సాగదీశాడు. నేను కంపాసు పెట్టి సరిచేశాను."

దఖీల్ పకపకా నవ్వాడు. "రెండు వేల ఏళ్ళ తరవాత దొరికిపోయాడు పాపం. వద్దు, సరిచెయ్యకు. ఆ మనిషి అక్కడే ఉన్నాడు. నా వేళ్ళకి ఆయనే తగలనీ."

వెండి రేకు వచ్చింది. అబూ రాకాన్ దాన్ని ఆఫీసు పెట్టెలో పెట్టి, పొద్దున్నే తన చేతులతో తీసి ఇచ్చేవాడు. వెండీ రాగిలాగే. కొట్టేకొద్దీ బిరుసెక్కుతుంది. మధ్యమధ్యలో కాల్చి, మసక ఎరుపు తేలగానే నీళ్ళలో ముంచి మెత్తన చేసుకోవాలి. ఆ సంగతి యిర్మీయాకి తెలియనిది కాదు. కానీ నాలుగో రోజు పని ఉత్సాహంగా సాగుతుంటే, ఇంకొక్క వరస కొట్టి కాలుద్దామనుకున్నాడు. ఉక్కు మీద ముప్పై ఏళ్ళు బతికిన చెయ్యి ఆగలేదు. టిక్కుమని చిన్న చప్పుడు. అంచు దగ్గర వెంట్రుకంత చీలిక, చూస్తుండగానే వేలెడు పొడుగు పాకింది.

సుత్తి కింద పెట్టి కూర్చుండిపోయాడు. ఆ వారమంతా కార్ల పని చూసుకున్నాడు తప్ప ఆ మూలకి వెళ్ళలేదు. శుక్రవారం చీలిన గిన్నెని గుడ్డలో చుట్టుకుని మ్యూజియానికి పోయాడు.

"ఇంకెవరినైనా చూసుకోండి దక్తోరా" అన్నాడు బల్ల మీద పెడుతూ. "నేను కార్లవాణ్ణే. ఆశపడ్డాను."

అమీనా చీలికని దీపం కింద పట్టుకుని చూసింది. లోపలికి వెళ్ళి, అసలు గిన్నెని ట్రేలో పెట్టుకుని తెచ్చింది. బోర్లించి, ఒక ఆకు కొస దగ్గర దీపాన్ని పక్కవాటుగా వంచింది. ఆ వెలుగులో, చుట్టుపక్కల వెండికంటే ఒక ఈక మందం పైకి తేలిన చిన్న అతుకు కనిపించింది. గోరంత ముక్క. చుట్టూ మెరుగుపెట్టి, పైనుంచి ఆకు ఈనెలు చెక్కి, తెలియకుండా చేశాడు ఆనాటి పనివాడు.

యిర్మీయా కిందికి వంగాడు. ఇంకా వంగాడు. రెండడుగుల దూరం మరిచిపోయాడని అమీనా గుర్తుచేయలేదు.

"చీలింది" అన్నాడు. "ఆయనకీ చీలింది."

"ఎక్స్‌రే తీస్తే మాకు తెలిసింది. చూసేవాళ్ళకి కనపడదు."

"ఎంత బాగా దాచాడు" అన్నాడు యిర్మీయా. ముఖం మీద వారం నుంచీ లేని నవ్వు వచ్చింది. చీలిన గిన్నెని మళ్ళీ గుడ్డలో చుట్టుకుంటూ, "దీన్ని కరిగించి రేకు సాగదీస్తాను. ఇంకోటి మొదలెడతాను" అన్నాడు.

రెండో గిన్నె నలభై రెండు రోజులు పట్టింది. ఈసారి ప్రతి రెండు వరసలకీ కాల్చాడు. వెడల్పు ఆకుని వెడల్పుగానే ఉంచాడు.

గిన్నె తరవాత కొమ్ము. మూరెడు పొడుగున్న వెండి కొమ్ము, కొసన ముందుకు దూకబోతున్న అడవిపిల్లి. దాని ముందు కాళ్ళ మధ్య, రొమ్ములో చిన్న రంధ్రం. రంధ్రాన్ని వేలితో మూసి, పైనుంచి పోసి ఎత్తి పట్టుకుని, వేలు తీస్తే సన్నటి ధార గిన్నెలో పడుతుంది. రేకుని కొమ్ములా చుట్టి అతకడం యిర్మీయాకి కష్టం కాలేదు. బిందె మెడ అతికినట్టే. చిక్కల్లా పిల్లి దగ్గర వచ్చింది. బొమ్మలు చూసి రెండు సగాలుగా చెక్కి కలిపాడు. పీరయ్య అటూ ఇటూ తిప్పి చూశాడు.

"తప్పుగా అనుకోవద్దన్నా. ఇది అడివిపిల్లి మాదిరి లేదు. అన్నం తిని అరుగుమీద పండుకున్నెట్లుండాది."

అబూ రాకాన్‌ని పిలిచి చూపిస్తే ఆయనా అదే అన్నాడు, అరబ్బీలో.

మెస్సు వెనక సందులో బూడిదరంగు పిల్లి ఒకటి తిరిగేది. మూడు రోజులు యిర్మీయా చేప ముక్క పట్టుకుని దాని ముందు కూర్చున్నాడు. ముక్క ఎత్తి పట్టుకుంటే పిల్లి వెనక్కి ఒదిగి, భుజాలు పైకి లేచి, మెడ కిందికి దిగేది. దూకబోయే ముందు భుజాలే ముందు కదులుతాయని ఆయనకి అప్పుడు తెలిసింది. నాలుగో రోజు పిల్లి తలా భుజాలూ విప్పి మళ్ళీ చేశాడు. భుజాలు ఎత్తాడు, మెడ దించాడు. పీరయ్య చూసి, "ఇప్పుడు కరుస్తాది" అన్నాడు.

గిన్నె మీద చుక్కల రాత ఒకటి మిగిలింది. అమీనా అసలు రాతను అచ్చు తీసి తెచ్చింది. యిర్మీయా పొడిచి, దఖీల్ చేతికిచ్చాడు. దఖీల్ వేలు దాని మీద రెండుసార్లు పోయి వచ్చింది.

"గుంటలు తగులుతున్నాయి గానీ అక్షరం తెలియడం లేదు" అన్నాడు. "మేం చదివేది కూడా చుక్కలే ముఅల్లిం. కాకపోతే మావి పైకి లేస్తాయి."

యిర్మీయా, అమీనా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"లోపలినుంచి పొడిస్తే పైకి లేస్తాయి" అన్నాడు యిర్మీయా. "ఏ చుక్క ఎక్కడో మీరు చెప్పండి."

దఖీల్ ఒక అట్టముక్క మీద బడిపిల్లల మొన సూదితో బ్రెయిలీలో పొడిచి ఇచ్చాడు. ఏముందో చెప్పలేదు. యిర్మీయా అంచు లోపలినుంచి, అసలు రాతకి ఎదురుగా, అట్ట మీద ఎలా ఉంటే అలా ఒక్కో చుక్కా లేపాడు. పూర్తయ్యాక దఖీల్ గిన్నె అందుకుని వేలు నడిపిస్తూ పైకి చదివాడు. "ముఅల్లిం యిర్మీయా కొట్టిన గిన్నె."

యిర్మీయా తుడుచుకునే గుడ్డ కోసం అటు తిరిగాడు. ఆయన కొన్ని వేల బిందెల మీద పేర్లు కొట్టాడు. అన్నీ కొన్నవాళ్ళవీ, పెట్టినవాళ్ళవీ. చేసినవాడి పేరు కొట్టమని ఎవరూ అడగలేదు, ఆయనకీ తోచలేదు.

ప్రదర్శన తెరిచిన మూడో రోజు చూపులేనివాళ్ళ కోసం ప్రత్యేకంగా కేటాయించారు. అంధుల బడినుంచి రెండు బస్సులు వచ్చాయి. షెడ్డు ఆ రోజు మూసేశారు. అబూ రాకాన్ ఇస్త్రీ పెట్టి, కాళ్ళదాకా దిగే కొత్త తెల్లటి తోబు వేసుకుని, అత్తరు పూసుకుని, తనే ఆ సామాను చేసినంత ఠీవిగా వచ్చాడు. యిర్మీయా కూతురు జెస్సీ కూడా వచ్చింది. రియాద్‌లోనే ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగి యూనిఫారం మీదే వచ్చేసి, వీడియో కాల్‌లో అమ్మ వరమ్మకి అంతా చూపుతూ నిలబడింది.

"ఏంటే ఆ జనం? మీ నాన్నేడీ?" అంటోంది వరమ్మ ఫోనులోంచి.

"అదిగో, ఆ బల్ల దగ్గర. చూత్తన్నావా?"

"చొక్కా ఇస్త్రీ చేయించుకోలేదా?"

బల్ల మీద రాగివి మూడూ, వెండిది ఒకటీ, కొమ్మూ పెట్టారు. ఒక్కొక్కరే వచ్చి ముట్టుకుంటున్నారు. ఉమేరా అనే పెద్దావిడ, అరవై ఏళ్ళకి చూపు పోయినామె, గిన్నె అడుగున అరచెయ్యి ఆనించి ఎంతసేపటికీ వదలలేదు. "మా అమ్మ కాఫీ పోసేటప్పుడు చేతికి తగిలిన చల్లదనం ఇది" అంది తన పక్కనున్నావిడతో. ఒకాయన పిల్లి చెవులు దొరకగానే గట్టిగా నవ్వి, వెనకవాళ్ళని పిలిచి వాళ్ళ చేతులు పట్టి చూపించాడు. ప్రతివాళ్ళూ వెడల్పు ఆకు దగ్గర ఆగుతున్నారు, ఎందుకని అడుగుతున్నారు. యిర్మీయా ప్రతివాళ్ళకీ ఆ కథ మొదటినుంచీ చెబుతున్నాడు. పదోసారికి ఆయన అరబ్బీ కూడా బాగుపడింది.

చివర్లో కొమ్ము ఎలా పనిచేస్తుందో చూపించాలన్నారు. అప్పటివాళ్ళు ఇందులో తాగింది వేరే అనీ, మనకి దానిమ్మ రసం చాలుననీ అమీనా చెప్పగానే అందరూ నవ్వారు. కొమ్ము ఎవరు పట్టుకుంటారని అడిగితే అబూ రాకాన్ ముందుకొచ్చాడు.

"నా షెడ్డులో పుట్టింది. నేనే పడతాను."

రంధ్రం మీద వేలు పెట్టాడు. జగ్గునిండా రసం పోశారు. ఆయన కొమ్ముని దర్జాగా తల పైకి ఎత్తి, కిందున్న గిన్నె కోసం వెతుకుతూ అమీనాతో ఏదో అనబోయాడు. వేలు జారింది. పిల్లి రొమ్ములోంచి ఎర్రటి ధార గిన్నెని వదిలేసి నేరుగా తెల్ల తోబు మీద, గుండెనుంచి పొట్టదాకా గీత గీసింది.

చూపున్నవాళ్ళు ఊపిరి బిగబట్టారు. ఏం జరిగిందో తెలియనివాళ్ళు చప్పుడు ఎందుకాగిందని అడిగారు. దఖీల్ అడిగాడు, "గిన్నెలో పడిన మోత రాలేదే?"

"నా మీద పడింది" అన్నాడు అబూ రాకాన్.

ఒక్కసారిగా హాలంతా నవ్వింది. అందరికంటే ముందు ఆయనే నవ్వాడు. కొమ్ములో మిగిలిన రసాన్ని ఈసారి గురి చూసి గిన్నెలో పోసి, తాగి, పక్కవాళ్ళకి అందించాడు. గిన్నె చేతులు మారుతూ బల్ల చుట్టూ తిరిగింది. ఫోనులో వరమ్మ "ఏమైందే, ఏమైంది" అంటూనే ఉంది. జెస్సీ నవ్వు ఆపుకోలేక చెప్పలేకపోయింది. పీరయ్య ఫోను లాక్కుని, "వదినా, మా ముదీరు తోబుకు అన్న పెయింటు ఏసినాడు" అన్నాడు.

నాలుగు నెలలయ్యాక అసలు సామాను పెట్టెల్లో పడి తన దేశానికి తిరిగి వెళ్ళిపోయింది. సాగనంపేరోజు అమీనా పిలిస్తే యిర్మీయా వెళ్ళి గిన్నెని చివరిసారి చూసి వచ్చాడు. నకళ్ళు అంధుల బడికి చేరాయి. అక్కడి పిల్లలు విరామం గంటలో కొమ్ముతో నీళ్ళు చల్లుకుంటున్నారని దఖీల్ ఫోను చేసి ఫిర్యాదు చేశాడు. గొంతులో ఫిర్యాదు మాత్రం లేదు.

ఇప్పుడు నెలకి రెండు శుక్రవారాలు షెడ్డు మూలన యాక్సిలు దాగలి చుట్టూ ఆరుగురు కూర్చుంటారు. ముగ్గురు బడినుంచి వచ్చిన పెద్దవాళ్ళు, ఒకరు మ్యూజియం ఉద్యోగిని, ఒకడు పక్క షెడ్డు బంగ్లాదేశీ మెకానిక్కు. ఆరో మనిషి అబూ రాకాన్. అందరిలోకీ తొందరపడి కాల్చకుండా కొట్టేది, రేకు చీల్చేది ఆయనే. మొన్న మూడోది చీలినప్పుడు యిర్మీయా దాన్ని అందుకుని వెలుతురులో పెట్టి చూసి, "ఇది అతకొచ్చు ముదీర్, రండి చూపిస్తాను" అని తన స్టూలు పక్కకి జరిపి చోటిచ్చాడు.